పెద్ద పెట్టె, చిన్న బిడ్డ

డిసెంబరు నెల వచ్చిందంటే ఉండి నుంచి ఆకివీడు, భీమవరం, నరసాపురం వరకూ క్రైస్తవ పేటల్లో ఇంటింటి మీదా స్టార్లు వెలుగుతాయి. రాత్రిళ్లు క్యారల్స్ బృందాలు తిరుగుతాయి. అదే నెలలో గల్ఫ్ దేశాల నుంచి పెట్టెలు దిగుతాయి. తాళ్లతో బిగించి, టేపు చుట్టి, మార్కరుతో పేరూ ఊరూ రాసిన పెద్ద పెద్ద అట్టపెట్టెలు. కువైట్‌లోనో మస్కట్‌లోనో దోహాలోనో ఇళ్లల్లో పనిచేసే తల్లులు ఏడాదిన్నర, రెండేళ్ల బిడ్డలకు పంపిన క్రిస్మస్ కానుకలు వాటిలో ఉంటాయి. బిడ్డ కంటే ఎత్తయిన ఎలుగుబంటి బొమ్మ, కూర్చుని నడిపే బ్యాటరీ కారు, మీట నొక్కితే పాటలు పాడే ప్లాస్టిక్ ఇల్లు.

ఈ కానుకల గురించి మన సంఘాల్లో రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. అప్పులుండగా ఇంత డబ్బు బొమ్మల మీద తగలేయడమేమిటి, ఇదంతా వినిమయ సంస్కృతి అనేది ఒకటి. పాపం, తల్లి ప్రేమ అలాంటిది, అడ్డుచెప్పడానికి మనమెవరం అనేది రెండోది. మొదటి మాట ఆమెను దోషిని చేస్తుంది. రెండో మాట ఆమెను దేవతను చేస్తుంది. రెండూ ఆమె దగ్గరే ఆగిపోతాయి. నడక కూడా సరిగా రాని బిడ్డకు అంత పెద్ద వస్తువు పంపాల్సిన అవసరం ఆమెకు ఎందుకు వచ్చిందన్న ప్రశ్నను రెండూ దాటేస్తాయి. హక్కుల గురించి మాట్లాడే మనం ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి.

పెట్టె ఎవరికి కనబడాలి?

ఇంట్లోంచి తండ్రి గల్ఫ్ వెళితే "కుటుంబం కోసం కష్టపడుతున్నాడు" అంటారు. తల్లి వెళితే "పాలు తాగే పిల్లను వదిలేసి పోయింది" అంటారు. ఇద్దరూ చేసింది ఒక్కటే, ఇద్దరూ పంపేదీ జీతమే. కానీ తండ్రి పంపిన డబ్బుకు బొమ్మల సాక్ష్యం అవసరం లేదు. తల్లికి మాత్రం తాను బిడ్డను మరిచిపోలేదని ఏటేటా నిరూపించుకోవాల్సిన పరిస్థితి. ఆ నిరూపణ నలుగురికీ కనబడాలి. బ్యాంకులో పడే డబ్బు వీధికి కనబడదు. ఫోన్లో ఏడ్చిన ఏడుపు కనబడదు. ఆటో మీద నుంచి ఇద్దరు మనుషులు పట్టి దించే పెట్టె కనబడుతుంది. అందుకే పెట్టె పెద్దదవుతుంది.

అంటే ఆ కానుక చిరునామా బిడ్డది కాదు. అత్తగారికి, ఆడపడుచులకు, ఇరుగుపొరుగుకు, చర్చి వరండాలో గుసగుసలాడుకునేవారికి ఆమె ఇచ్చే సమాధానం అది. ఆమె ఆదివారం ఆరాధనకు రాలేదు, బిడ్డ మొదటి అడుగు చూడలేదు, జ్వరం వస్తే పక్కన లేదు. ఆ లోటుకు ఆమె పెట్టె సైజుతో బదులు చెబుతోంది. ఆమె చేత ఆ బదులు చెప్పిస్తున్నది మనమూ మన వీధులే.

క్రిస్మస్‌కే ఇది ఎందుకంటే, మన జిల్లాల దళిత పేటల్లో క్రిస్మస్ ఒక ఆరాధన మాత్రమే కాదు. గుడి గడప తొక్కనివ్వని రోజుల్లో, ఊరి పండుగలో వాటా లేని రోజుల్లో, తమదని చెప్పుకోగలిగిన పండుగ అది. కొత్త బట్ట కట్టడం, కేకు కోయడం, నలుగురినీ పిలిచి పెట్టడం ఆత్మగౌరవంతో ముడిపడ్డ పనులు. బిడ్డకు పెద్ద బొమ్మ కొనగలగడం కూడా అందులో భాగమే. కాబట్టి "పేదవాళ్లకెందుకీ ఆడంబరం" అనే హక్కు ఎవరికీ లేదు. రొయ్యల చెరువుల లాభంతో లేచిన మేడల్లో మొదటి పుట్టినరోజుకే పిల్లవాణ్ణి కారు బొమ్మలో కూర్చోబెట్టి వీడియోలు తీస్తారు. ఆ తల్లుల మీద మనం ఎప్పుడూ సమావేశాలు పెట్టలేదు కదా!

బిడ్డ వైపు నుంచి చూస్తే

అయితే ఆ బొమ్మ బిడ్డకు మేలు చేస్తుందా అన్నది వేరే ప్రశ్న. దీనికి నిజాయితీగానే జవాబు చెప్పుకోవాలి. ఏడాదిన్నర పిల్లలు తమ కంటే పెద్దదైన, ఒక్కసారిగా మోత చేసే వస్తువును చూసి బెదిరిపోవడం సహజం. చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే బొమ్మ మూలన పడుతుంది, పిల్ల ఖాళీ అట్టపెట్టెలో దూరి ఆడుకుంటుంది. పెద్దవాళ్లు నవ్వుకుంటారు గాని పిల్ల సరిగ్గానే ఎంచుకుంది. పెట్టెలో దూరవచ్చు, పైకి రావచ్చు, గీతలు గీయవచ్చు, లాగవచ్చు. మీట నొక్కితే పాడే బొమ్మతో నొక్కడం తప్ప ఏం చేయగలదు?

దీన్ని సమర్థించే పరిశీలనలు కూడా ఉన్నాయి. 2018లో అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వారు 36 మంది పసిపిల్లలను పరిశీలించారు. ఒకసారి 4 బొమ్మలు, మరోసారి 16 బొమ్మలు ముందు పెట్టారు. తక్కువ బొమ్మలున్నప్పుడే పిల్లలు ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. అదే ఏడాది అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా, బొమ్మ ఖరీదు కంటే దానితో పాటు కూర్చుని మాట్లాడే మనిషే పసిపిల్లలకు ముఖ్యమని తల్లిదండ్రులకు చెప్పింది. మన మామ్మలకు ఇది తెలియని సంగతేమీ కాదు. తాటికాయ బుర్రలకు పుల్ల గుచ్చి చేసిన బండి, కొబ్బరాకు బూర, అంకుడు కర్రతో చేసి లక్క రంగులద్దిన ఏటికొప్పాక గిలక్కాయ మన పిల్లల చేతికి సరిపడే బొమ్మలు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినా మన అంగన్వాడీల్లోకి అవి వచ్చింది తక్కువే.

భద్రత విషయం కూడా చెప్పుకోవాలి. మన దేశంలో అమ్మే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. బయటి దేశంలో కొని సామానులో తెచ్చుకునే బొమ్మకు ఆ పరీక్ష జరగదు. గుండీల్లాంటి చిన్న బ్యాటరీలను పిల్లలు మింగితే గొంతు, అన్నవాహిక కాలిపోతాయి, ప్రాణానికే ప్రమాదం. పెట్టె విప్పిన వెంటనే బ్యాటరీ మూత మరతో బిగిసి ఉందో లేదో చూడాలి. ప్లాస్టిక్ సంచులు, థర్మోకోల్ ముక్కలు పిల్లలకు అందకుండా తీసేయాలి. ఇది అందరికీ చెప్పాల్సిన మాట.

మరో తేడా కూడా గమనించాలి. మగపిల్లవాడికి కారు, మోటారుసైకిలు వస్తాయి. ఆడపిల్లకు వంటింటి సెట్టు, పొయ్యి, చిన్న ఇస్త్రీ పెట్టె, ఒళ్లో పెట్టుకుని ఆడించే పాపాయి బొమ్మ వస్తాయి. పరాయి దేశంలో పొద్దస్తమానం వండి, ఇస్త్రీ చేసి, పరాయి పిల్లలను ఎత్తుకుని ఆడించి సంపాదించిన డబ్బుతో తల్లి తన కూతురికి అవే పనుల బొమ్మలు పంపుతోంది. ఇంతకంటే విషాదం ఏముంటుంది? శ్రమ విభజన పాఠం మాటలు రాకముందే మొదలవుతోంది.

సెంటున్నరలో ఎలుగుబంటి

ఇక ఇంటి సంగతి. 2020లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఇళ్ల స్థలాల పథకంలో గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు ఇచ్చారు. సెంటున్నర అంటే 72 గజాల పైచిలుకు. అందులో గది, వంటిల్లు, మరుగుదొడ్డి. ఆ గదిలో మంచం, బియ్యం బస్తా, బీరువా పోగా మిగిలిన చోట నలుగురు పడుకోవాలి. అక్కడికి బ్యాటరీ కారు వస్తే దాన్ని రోజూ పక్కకు జరిపి ఊడ్చేదెవరు? వాన వస్తే లోపలికి మోసేదెవరు? చార్జింగు పెట్టి కరెంటు బిల్లు కట్టేదెవరు? వీధిలో పిల్లలు ఎక్కి విరగ్గొడితే కూతురికి ఫోన్లో సంజాయిషీ చెప్పుకునేదెవరు? ఇంట్లో ఉన్న ముసలామె. కానుకకు కూడా చాకిరీ ఉంటుంది, అది మళ్లీ ఆడమనిషి నెత్తినే పడుతుంది.

అసలు లెక్కలోకి రాని మనిషి ఆమే. కూతురో కోడలో గల్ఫ్ వెళ్లిన ఇంట్లో పసిబిడ్డను సాకేది అమ్మమ్మ లేదా మామ్మ. యాభై అరవై ఏళ్ల వయసులో, మోకాళ్ల నొప్పులతో, రాత్రి లేచి పాలు కలిపి, పొద్దున్నే కూలికి కూడా వెళ్లే మనిషి. పంపే డబ్బు చాలా ఇళ్లలో భర్త లేదా మామగారి చేతికి వెళుతుంది. ఆమె చేతికి నెలకింత అని రాదు. క్రిస్మస్‌కు ఒక చీర వస్తుంది.

ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ 1982లో పుస్తకం ప్రచురించారు. ప్రపంచ మార్కెట్‌కు సరుకు తయారుచేస్తున్న ఆ స్త్రీలను ఇంటిపట్టున ఉండే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే వాళ్ల కూలి అంత తక్కువగా ఉందని ఆమె చూపించారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంటి లోపలి శ్రమకు గుర్తింపు మాత్రం ఇంకా రాలేదు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వాటి మీద వెచ్చిస్తుంటే, చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అసలు ఆ పనుల జోలికే రాని పురుషులు ఈ సగటులో లేనేలేరు.

ఎందుకు వెళుతున్నారు, ఎందుకు రాలేకపోతున్నారు?

1980లు, 90లలో మొదలై ఉండి, ఆకివీడు, కాళ్ల వైపు వరిచేలు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారాయి. వరికి ఊడ్పులు, కలుపు, కోతలు ఉండేవి. అవి స్త్రీలకు పని దినాలు. చెరువుకు కావలసింది ఇద్దరు కాపలా మనుషులు, వాళ్లూ మగవాళ్లే. కొల్లేరులో అక్రమ చెరువులను 2006లో కొట్టేశారు గాని డెల్టాలో పోయిన పని దినాలు తిరిగి రాలేదు. మిగిలిన దారులు రెండు: రొయ్యల ప్లాంట్లలో ఐసు నీళ్లలో చేతులు పెట్టి తలలు తీసే పని, లేదా గల్ఫ్. ఆడపిల్ల పెళ్లి కట్నం, ఆసుపత్రి అప్పు, భర్త తాగుడు ఆమెను రెండో దారిలోకి నెడుతున్నాయి.

పదో తరగతి దాటని స్త్రీ గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లాలంటే కనీసం 30 ఏళ్లుండాలని మన ప్రభుత్వ నిబంధన. ప్రైవేటు ఏజెంట్లు కాకుండా ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని ఆ తరువాత మరో నిబంధన వచ్చింది. మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓంక్యాప్. రక్షణ కోసమే ఈ నిబంధనలు పెట్టామంటారు. కానీ రెండేళ్ల బిడ్డ తల్లికి చాలాసార్లు ఇరవై రెండో ఇరవై నాలుగో ఉంటాయి. అప్పు ముప్పై ఏళ్ల దాకా ఆగదు. ఆమె ఊళ్లో ఏజెంటు పెట్టిన విజిట్ వీసా మీద వెళుతుంది. ఒప్పందం ఉండదు, నమోదు ఉండదు, బీమా ఉండదు. రక్షణ పేరుతో పెట్టిన నిబంధన ఆమెను రక్షణ లేని చోటికే తోసింది.

కువైట్ 2015లో ఇంటి పనివారి కోసం 68వ నంబరు చట్టం చేసింది. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. కాగితం మీద ఇంత ఉంది. కానీ ఆమె అక్కడ ఉండే అనుమతి యజమాని చేతిలో ఉన్నంతకాలం సెలవు అడగడమే ఒక సాహసం. ఆ 30 రోజుల సెలవే నిజంగా దొరికితే, డిసెంబరులో ఆమె ఉండి బస్టాండులో దిగగలిగితే, ఎలుగుబంటి బొమ్మ అంత పెద్దది కావలసిన అవసరం ఉండేదా?

బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992 డిసెంబరు 11న చేరింది. వేర్వేరు దేశాల్లో ఉన్న తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సంబంధం కలిగి ఉండడం బిడ్డ హక్కని అందులో 10వ అధికరణం చెబుతుంది. బిడ్డ పెంపకం తల్లిదండ్రులిద్దరి బాధ్యతని, పనిచేసే తల్లిదండ్రుల పిల్లలకు సంరక్షణ సేవలు అందేలా ప్రభుత్వం చూడాలని 18వ అధికరణం చెబుతుంది. ఆడుకునే హక్కు 31వ అధికరణం. ఇంటి పనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందానికి మన దేశం ఓటు వేసింది గాని ఇప్పటికీ ఆమోదముద్ర వేయలేదు.

నిజంగా పెద్ద కానుక

మన ప్రాంతం నీళ్ల ప్రాంతం. వాకిలి దాటితే పంట కాలువ, కాలువ దాటితే చెరువు. ప్రపంచంలో నీళ్లలో మునిగి చనిపోయే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న వయసు 1 నుంచి 4 ఏళ్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దాన్ని ఆపే మార్గాల్లో ఒకటిగా బడి ఈడు రాని పిల్లలను నీళ్లకు దూరంగా, ఒక మనిషి పర్యవేక్షణలో ఉంచే శిశు సంరక్షణ కేంద్రాలను సూచిస్తోంది. చక్రాల బొమ్మ మీద కూర్చున్న రెండేళ్ల పిల్ల కాలువగట్టు వైపు వెళితే, అన్నం వార్చుకుంటున్న మామ్మ ఎంత వేగంగా పరుగెత్తగలదు?

కాబట్టి ఉండి మండలంలోని పసిబిడ్డకు కావలసిన పెద్ద కానుక కారు బొమ్మ కాదు, క్రెష్. కూలికి వెళ్లే వేళకు తెరిచి, తిరిగి వచ్చే వేళ దాకా ఉండే క్రెష్. 2017 ప్రసూతి చట్ట సవరణ 50 మంది, ఆపైన పనిచేసే సంస్థల్లో దాన్ని తప్పనిసరి చేసింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. వందలాది స్త్రీలు పనిచేసే రొయ్యల ప్లాంట్లు ఎన్నింటిలో అది నడుస్తోందో మనం వెళ్లి అడగాలి. కేంద్రం 2022లో తెచ్చిన పాల్నా పథకం కింద అంగన్వాడీలోనే క్రెష్ నడపవచ్చు. మన మండలంలో ఒక్కటైనా ఉందా అని ఐసీడీఎస్ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగాలి.

అయితే ఆ భారాన్ని అంగన్వాడీ చెల్లెళ్ల మీద ఊరికే వేయడానికి వీల్లేదు. వేతనం, గ్రాట్యుటీ కోసం వాళ్లు 2023 డిసెంబరు 12న సమ్మెలోకి దిగి 42 రోజులు నిలబడ్డారు. ఆ క్రిస్మస్ వాళ్లకు సమ్మె శిబిరాల్లోనే గడిచింది. 2024 జనవరిలో వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. పసిపిల్లల్ని చూసుకోవడం అంత అత్యవసరమైన పనే అయితే దానికి తగ్గ జీతం ఎందుకు ఇవ్వరు?

మన వంతు

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మనకు ఒక మాట. మనం కూడా డిసెంబరులో కానుకలు పంచుతున్నాం. పెద్ద బొమ్మ చేతిలో పెట్టి, బిడ్డ ఏడుస్తున్నా నవ్వమని, దాతకు పంపడానికి ఫొటో తీస్తున్నాం. అక్కడ కూడా కానుక చిరునామా బిడ్డది కాదు. ఇది మానేద్దాం. ఆ డబ్బుతో పేటకొక బొమ్మల పెట్టె పెడదాం. పిల్లలు మార్చి మార్చి తీసుకెళ్లి ఆడుకునేలా, మన చేతివృత్తుల వాళ్లు చేసిన బొమ్మలతో.

గల్ఫ్‌లో ఉన్న అక్కచెల్లెళ్లకు నీతులు చెప్పడానికి ముందు వాళ్లకు చేయగలిగినవి ఉన్నాయి. వెళ్లే ముందే ఒప్పందం తెలుగులో చదివి వినిపించడం, సెలవు నిబంధన చూపించడం, డబ్బు ఆమె పేరున్న ఖాతాలోనే పడేలా చూడడం, అందులో బిడ్డను సాకే మామ్మకు నెలనెలా ఇంతని ముందే రాయించడం. బొమ్మ పంపాలనిపిస్తే చేతికి సరిపడేది ఒకటి పంపమని, రోజూ ఒకే వేళకు ఫోన్లో ఆమె గొంతు వినిపించమని చెప్పవచ్చు. ఏడాదిన్నర బిడ్డ గుర్తుపట్టేది గొంతునే.

తండ్రులతోనూ మాట్లాడాలి. భార్య గల్ఫ్‌లో ఉంటే బిడ్డకు స్నానం చేయించడం, అన్నం తినిపించడం, అంగన్వాడీకి తీసుకెళ్లడం భర్త పని. దీనికి ఏ చట్టమూ అక్కర్లేదు. చర్చిలో పాస్టరు గారు క్రిస్మస్ సందేశంలో ఈ ఒక్క మాట చెప్పినా వంద పెట్టెల విలువ చేస్తుంది.

వచ్చే డిసెంబరులో మీ పేటలో ఆటో మీద నుంచి పెద్ద పెట్టె దిగినప్పుడు "ఎంత ఖర్చుపెట్టిందో" అని అనకండి. "ఆమెకు సెలవు ఎందుకు ఇవ్వలేదు?" అని అడగండి. ఆ ప్రశ్న ఏజెంటును, ఓంక్యాప్‌ను, జిల్లా అధికారులను, మన ఎంపీని గట్టిగా అడగగలిగితే ఏదో ఒక క్రిస్మస్‌కు పెట్టెకు బదులు తల్లే దిగుతుంది.